వదిన కారుకు మెత్తటి పెడలు

బండి నడపడం ఎవరికైనా వస్తుంది, ఆపడమే అసలు విద్య అంటాడు బ్రేకుల బాబాయి. బస్సు డిపోలో ఇరవై నాలుగేళ్ళుగా బ్రేకులు తప్ప మరొకటి ముట్టుకోని మనిషి అంతకంటే ఏమంటాడు లెండి! ఇంజను మెకానిక్కులంటే ఆయనకు మహా చిన్నచూపు. వాళ్ళు చప్పుడు చేసి పేరు తెచ్చుకుంటారట, ఈయన చప్పుడు చేయకుండా ప్రాణాలు కాపాడతాడట. వయసు నలభై దాటిందో లేదో, తనకన్నా పెద్దవాళ్ళు కూడా బాబాయి అనే పిలుస్తారు. అందుకు ఆయనేమీ నొచ్చుకోడు. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం కాబట్టి, డిపోలో ఆయనతో వాదం పెట్టుకునేవాళ్ళు తక్కువ.

ఆ మొండితనం ఒక్కరి ముందే పనిచేయదు. ఆవిడ వదిన. తల్లి పోయేనాటికి బాబాయికి పదేళ్ళు. అప్పుడే కాపురానికొచ్చిన వదిన, తనకూ పెద్ద వయసేమీ లేకపోయినా, ఆ పిల్లాడి తల దువ్వడం దగ్గర్నుంచి అన్నీ తానే చూసింది. చదువు అబ్బడం లేదని తండ్రి అతన్ని బట్టల కొట్లో కూర్చోబెడతానంటే అడ్డం పడింది. "ఇంట్లో గడియారాలు రెండూ విప్పేశాడు, నా కుట్టు మిషను విప్పేశాడు. విప్పేవాణ్ణి విప్పే చోట పెట్టండి మావయ్యా" అని, తానే వెంటబెట్టుకెళ్ళి డిపోలో చేర్పించింది. ఈ సంగతి బాబాయి ఎవరికీ చెప్పుకోడు, ఒక్కనాడూ మరిచిపోలేదు కూడా.

వదిన సర్కారు నర్సు. ఇంటింటికీ తిరిగి కాన్పులు చేయడం ఉద్యోగం. ఆవిడ తిరిగే కారు చిన్నది, పాతది, పైగా ఇంజను వెనకాల ఉన్నది. కొత్తవాళ్ళెవరైనా సాయం చేద్దామని ముందు మూత ఎత్తి, "అమ్మగారూ, ఇంజను ఎవరో ఎత్తుకుపోయారు!" అని గుండెలు బాదుకున్న సందర్భాలు నాలుగైదు ఉన్నాయి. కాలితో తొక్కే యాక్సిలరేటరు పెడలు ముందుంటే ఇంజను వెనకుంది కదా, ఈ రెంటినీ కలుపుతూ కారు అడుగున తొమ్మిదడుగుల ఉక్కుతీగ గొట్టంలోంచి నాలుగు వంపులు తిరిగి వెళుతుంది. ఆ కారు చేసిన కంపెనీ ఏనాడో మూతబడింది. బజార్లో చేయించిన తీగలు వేసిన నెలకే వంపుల దగ్గర బిగుసుకుపోతాయి. పెడలు తొక్కాలంటే మోకాలితో సహా బలం పెట్టాలి. ఇన్నేళ్ళూ వదిన అలాగే తొక్కింది.

అలా తొక్కే కాలు కాస్తా విరిగింది. ఒక కాన్పు చేసి వస్తూ తడి మెట్ల మీద జారిపడింది, కుడి చీలమండ. కట్టు విప్పాక డాక్టరు గట్టిగానే చెప్పాడు: ఆ కాలితో బలంగా ఏదీ తొక్కకూడదు. గురువారం నాడు తానే కార్లో పక్కన కూర్చుని చూస్తానన్నాడు. నొప్పి లేకుండా నడిపితే కాగితం మీద సంతకం పెడతాడు, లేకపోతే లేదు. సంతకం లేకపోతే పైవాళ్ళు ఆవిణ్ణి ఆఫీసులో రిజిస్టర్లు రాయడానికి కూర్చోబెడతారు. ఆవిడకు ఆ మాట వింటేనే ఒళ్ళు మంట. వేరే కారు కొనుక్కోరాదా అని నోరు జారినందుకు ఆవిడ మొగుడికి, అదే బాబాయి అన్నకు, ఆ పూట కాఫీ పుట్టలేదు.

"అసలు తీగెందుకు వదినా? ఆయిల్ పెడతాను" అన్నాడు బాబాయి. "నూనెకి ఎన్ని వంపులున్నా ఒకటే. వేలితో నొక్కినా అవతల కదులుతుంది. బ్రేకులు అలాగేగా పనిచేసేది?"

"కారు ఆగడానికి కాదురా, పోవడానికి."

"పోవడం ఎంతసేపు!"

పాత వ్యాను బ్రేకులోంచి తీసిన పంపును పెడలు దగ్గర బిగించాడు. వెనక ఇంజనుకు పెట్రోలు అందించే కార్బురేటరు పక్కన వేలెడంత సిలిండరు పెట్టాడు. రెంటికీ మధ్య సన్నటి రాగి గొట్టం వేశాడు. పెడలు తొక్కితే పంపు నూనెను నెడుతుంది, నూనె సిలిండరును నెడుతుంది, అది ఇంజనుకు రేసు ఇస్తుంది. కాలు తీస్తే కార్బురేటరు దగ్గరున్న చిన్న స్ప్రింగు అంతటినీ వెనక్కి లాగాలి. ఇక గొట్టంలో గాలి తీయడానికి ఇద్దరు కావాలి గనుక అన్నను పెడలు దగ్గర కూర్చోబెట్టాడు. "తొక్కు... పట్టుకో... వదులు." జన్మంతా వదిన చెప్పినట్టు నడిచిన మనిషికి ఆ పని నేర్పనక్కర్లేకపోయింది.

ఆదివారం సాయంత్రం ఇంజను స్టార్టు చేశారు. అన్న ఇలా తాకాడో లేదో ఇంజను అలా లేచింది. బాబాయి మీసం దువ్వాడు. "తియ్యి కాలు!" అన్నాడు. అన్న తీశాడు. ఇంజను మాత్రం కేక తగ్గించలేదు.

"ఏరా, ఇది ఆగదా?" అన్నాడు అన్న, కిటికీలోంచి తల బయటపెట్టి. ఊళ్ళో బళ్ళన్నీ ఆపేవాడి చేతి మీదుగా తయారైన పెడలు కదా, వీధిలో వాళ్ళకు నవ్వాగలేదు.

తప్పు స్ప్రింగుదేనన్నాడు బాబాయి. గట్టి స్ప్రింగు తెచ్చి వేశాడు. ఇంజను బుద్ధిగా దిగింది. వదిన వచ్చి కూర్చుని పెడలు తొక్కింది, దవడ బిగించి "బాగానే ఉందిరా" అంది. నొప్పులు పడే ఆడవాళ్ళు ఎంతమంది ఆవిడ దగ్గర ఆ మాట అని ఉంటారో! ఆవిడకు మాత్రం ఆ అబద్ధం అతికినట్టు చెప్పడం చేతకాలేదు. బాబాయికి సిగ్గేసింది. గట్టి స్ప్రింగును ఎదిరించి నెట్టాలంటే మళ్ళీ బలంగా తొక్కాల్సిందే, ఇంక పాత తీగ చేసిన పాపమేమిటి? తన కోసం మామగారినే ఎదిరించిన మనిషికి తాను ఒక్క మెత్తటి పెడలు ఇవ్వలేకపోతున్నాడు.

సోమవారం నుంచి డిపోకు సెలవు పెట్టి కారు కిందే పడుకున్నాడు. పాత స్ప్రింగు వేసి మూడుసార్లు గాలి తీశాడు. కార్బురేటరును తిట్టాడు. ఆ తర్వాత ప్రపంచంలోని ఇంజను మెకానిక్కులందర్నీ కలిపి తిట్టాడు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదేనని అన్న గొణిగాడు, వినపడకుండా.

బుధవారం మధ్యాహ్నం కారు కిందనుంచి లేచిన మరిది మొహం చూసి వదిన భయపడింది. "మొహం అలా కందిపోయిందేమిట్రా? రా లోపలికి, బీపీ చూస్తాను."

"ఇప్పుడా వదినా!"

"ఇప్పుడే."

కుర్చీలో కూర్చోబెట్టి చేతికి పట్టీ చుట్టింది. రబ్బరు బుడ్డి పిసికింది. పట్టీ బిగుసుకుంది. అంతలో పొయ్యి మీద పాలు పొంగితే బుడ్డి అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళింది.

"వదినా, చెయ్యి తిమ్మిరెక్కుతోంది. బుడ్డి వదిలేశావుగా, ఇంకా బిగుతు తగ్గదేం?"

"బుడ్డి వదిలితే ఎలా తగ్గుతుందిరా? గాలి వెనక్కి పోకుండా లోపల వాల్వు పట్టుకునుంటుంది. మర తిప్పాలి" అంది వంటింట్లోంచి.

బాబాయి ఒక్క క్షణం తన చేతి వైపు చూసుకున్నాడు. పట్టీతో, బుడ్డితో సహా లేచి పరిగెత్తాడు.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆయన పని. ఆ రకం బ్రేకు పంపు మూతి దగ్గర గోరంత రబ్బరు వాల్వు ఉంటుంది. కాలు తీశాక నూనెను పూర్తిగా వెనక్కి రానివ్వకుండా కొంచెం ఒత్తిడి పట్టి ఉంచుతుంది. బ్రేకుకు అది వరం, ఎంత తొందరగా పడితే అంత మేలు. కానీ కార్బురేటరు దగ్గరున్న చిన్న స్ప్రింగుకు ఆ కాస్త ఒత్తిడే కొండంత. తన చేతులతో కొన్ని వందల వాల్వులు మార్చాడు. అలవాటు కొద్దీ దీనికీ మార్చాడు, కొత్తది, నాణ్యమైనది! పంపు విప్పి దాన్ని తీసి పారేశాడు. అన్న తొక్కాడు, వదిలాడు. ఇంజను లేచింది, దిగింది. మెత్తటి స్ప్రింగు మీదే.

"ఆ పట్టీ ఇచ్చి ఏడువు!" అంటూ వదిన గుమ్మంలోకొచ్చింది. వచ్చి కార్లో కూర్చుంది. పెడలు మీద పాదం ఆనించింది. ఈసారి "బాగానే ఉంది" అనలేదు. రెండు మూడుసార్లు తొక్కి, మరిది తల మీద చెయ్యి పెట్టి జుట్టు చెరిపింది.

గురువారం డాక్టరు వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. ఏం విరిగినా తానే దగ్గరుండాలని బాబాయి వెనక, ఇంజనుకు చెవి ఆనించి కూర్చున్నాడు. వదిన బజారు దాటించింది, రైలు గేటు దాటించింది, మలుపులో లారీకి దారిచ్చి ఎత్తు మీదికి తీసుకెళ్ళింది. డాక్టరు ఆవిడ మొహాన్నే చూస్తున్నాడు. పైకి చేరాక అడిగాడు.

"కాలు నొప్పిగా ఉందామ్మా?"

"ఏ కాలు?" అంది వదిన, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

డాక్టరు నవ్వి, జేబులోంచి కలం తీశాడు. మోకాలి మీద కాగితం పెట్టుకుని సంతకం చేశాడు. వెనక బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు, పెట్రోలు వాసనకట. కారు మాత్రం వెనక్కి తిరగలేదు. ఎత్తు దిగి పాలకేంద్రం సందులోకి మళ్ళింది.

"ఇటెక్కడికమ్మా? ఆసుపత్రి అటు కదా!"

"ఈ సందులో ఒకమ్మాయికి తొలి కాన్పు, డాక్టరుగారూ. నెలన్నరగా నా కోసం చూస్తోంది" అంది వదిన. "ఒరేయ్, ఆ సంచీ అందుకో. దిగుదాం."