వంక దాటే బండి

మొన్న మా అమ్మాయి ప్రొద్దుటూరు నుంచి వచ్చి, వసారాలో నా పక్కనే కూర్చుని, ఫోనులో రెండు పికప్ బండ్లను పక్కపక్కన పెట్టుకుని చూస్తోంది. అరటికాయల వ్యాపారం పెరిగింది, బాడుగ బండ్లతో వేగలేక సొంత బండి కొనుక్కుందామని దాని ఆలోచన. ఒకదానికి మైలేజీ ఎక్కువ, ఇంకోదానికి ఇంజను బలం ఎక్కువ; ఆ అంకెలన్నీ పైకి చదివి, మైలేజీదే మేలని చివరికి తనే తీర్పు చెప్పేసింది. నన్ను అడగలేదు. డెబ్బైకి దగ్గరపడుతున్న తల్లిని ఊరగాయలో కారం గురించి అడుగుతారు గానీ ఇంజన్ల గురించి ఎవరు అడుగుతారు లెండి. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. సరిగ్గా ఈ మాట మీదే, మైలేజీనా బలమా అన్న మాట మీదే, నేను ఒకప్పుడు ఇంటిల్లిపాదితో పోట్లాడి గెలిచాను. ఆ సంగతి నా కడుపున పుట్టినదానికే తెలియకపోతే ఎట్లా?

చక్రాయపేట పక్క పల్లెల్లో ఆ రోజుల్లో దారులు ఎట్లా ఉండేవో నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు. మా చీనీతోట, అంటే బత్తాయితోట, వంకకు అవతల ఉండేది. వంకంటే ఏడాది పొడవునా పారేదేమీ కాదు, వానొచ్చినప్పుడు నాలుగు నీళ్లు, మిగతా రోజుల్లో కాళ్లు కూరుకుపోయే ఇసుక, ఆ ఇసుక దాటాక నిట్టనిలువుగా ఎక్కాల్సిన గట్టు. పులివెందుల వ్యాపారి లారీ గట్టుకు ఇవతలే ఆగిపోయేది. మేము కాయలను ఎద్దులబండికెత్తి, వంక దాటించి, మళ్లీ దించి, మళ్లీ లారీకెక్కించేవాళ్లం. ఆ కుదుపుల్లో కొన్ని కాయలకు తొక్కు కమిలేది. వ్యాపారి సరిగ్గా అట్లాంటి కాయనే వెతికి తీసి, వేళ్ల మధ్య తిప్పి, ఇది వంక అవతలి కాయ కదా అని మూతి విరిచేవాడు. ఆ మాట పడ్డాక ఇక ధర అతను చెప్పిందే. కాయకు రసం తక్కువా, తీపి తక్కువా? ఏమీ తక్కువ లేదు. మా కాయకు వేరే వంక దొరక్క, ఆ మహానుభావుడు మా ఊరి వంకనే వంకగా పెట్టేవాడు.

అందుకే సొంత బండి కొందామని పట్టుబట్టింది నేనే. తోలేది మా మరిది గనుక అతన్నీ వెంటపెట్టుకుని, మా ఆయనా నేనూ ప్రొద్దుటూరు షోరూముకు పోయాము. నేల తళతళలాడుతుంటే చెప్పులు బయట విడవాలేమోనని నేను తటపటాయిస్తూ ఉండగానే, అక్కడ అమ్మే కుర్రవాడు మా మరిదికి మైలేజీ గురించి ఏకరువు పెడుతున్నాడు. నేను మధ్యలో కల్పించుకుని, "అబ్బీ, ఈ బండికి పికప్ ఎంతుంటాది?" అని అడిగాను. బండి లాగే బలాన్ని మా వైపు పికప్ అంటారు; ఇంజను ముక్కుతుంటే పికప్ లేదంటారు, ఉరికితే పికప్ బాగుందంటారు. ఆ కుర్రవాడు నన్ను ఎగాదిగా చూసి, "ఇదే పికప్ కదమ్మా" అన్నాడు. అతను నవ్వాడు, పక్కన టీ తాగుతున్నవాళ్లు నవ్వారు, అందరికంటే గట్టిగా మా మరిది నవ్వాడు. మా ఆయన పైన తిరుగుతున్న ఫ్యానును చూశాడు. ఆయన స్వభావమే అంత. వదినామరుదుల మధ్య ఏ తగవు వచ్చినా, కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు, ఆయనకు ఇంటి కప్పు మీద ఏదో ఒకటి కనిపించేది.

నేను నవ్వలేదు. అడిగినదాంట్లో తప్పేముంది? ధర్మయ్య అని పేరు పెట్టుకున్నవాడికి ధర్మం ఉందా లేదా అని అడగమూ? ఇదీ అంతే. పైగా ఆ కుర్రవాడు నా ప్రశ్నకు జవాబే చెప్పలేదన్నది అక్కడ ఒక్కరికీ తట్టలేదు.

ఇంటికొచ్చినా మా మరిదిది అదే పాట. "డీజిలు తాగే బండిని ఇంట్లో పెట్టుకుంటే, తాగుబోతు మొగుణ్ని మేపినట్లే వదినా" అనేవాడు. షోరూములో చూసినట్లాంటి బండే పులివెందులలో అతని స్నేహితుని దగ్గర ఉండేది. అది పులివెందుల నుంచి జమ్మలమడుగు దాకా ఎంత తక్కువ డీజిలుతో పోయి వచ్చిందో కథలు కథలుగా చెప్పేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ అది తారురోడ్డు మీద పోయిన ఖాళీ బండి. పని లేనివాడు తక్కువ తింటాడు, అందులో గొప్పేముంది? ఆ బండిని కోత రోజున మా తోటకు తెమ్మన్నాను, కాయ నింపుకుని వంక దాటాక మైలేజీ సంగతి మాట్లాడుదామన్నాను. జమ్మలమడుగులో పాత బండ్లు కొని బాగుచేసి అమ్మే సాయబన్న ఒకాయన మా పుట్టింటివాళ్లకు బాగా తెలిసినవాడు. ఆయన దగ్గర పెద్ద ఇంజనున్న పాత పికప్ ఉందని విని, దాన్నీ అదే రోజుకు రమ్మని కబురు పెట్టాను. ఆయన వస్తూనే, "శానా తాగుతాదమ్మా ఇది, మళ్లా నన్ననొద్దు" అని ముందే చెప్పేశాడు. మా మరిది మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ రోజు ఓడిపోతే ఇక ఆ ఇంట్లో నా మాట వినేవాళ్లు ఉండరు, మా కాయ ఎప్పటికీ వంక అవతలి కాయగానే మిగిలిపోతుంది.

పొద్దున్నే కోత మొదలుపెట్టి, ముందు మా మరిది తెచ్చిన బండిలో ఎండుగడ్డి పరిచి కాయ నింపాము. అతనే తోలాడు. వంకలోకి దర్జాగానే దిగింది. నడిమి ఇసుకలోకి వచ్చేసరికి వెనక చక్రాలు ఉన్నచోటే తిరగసాగాయి, అతను తొక్కినకొద్దీ ఇంజను అరిచింది, నల్లటి పొగ కక్కింది, బండి మాత్రం ఇంకా ఇంకా దిగబడింది. కోతకు వచ్చినవాళ్లమంతా చేరి తోశాం, కదల్లేదు. కాయలన్నీ గంపలతో దించి, చివరికి మా ఎద్దులను కట్టి బయటికి లాగాము. కోతకు వచ్చిన ముసలామె ఒకతె, అన్నిటికంటే మైలేజీ ఈ ఎద్దులదే, మోపు గడ్డికి యాడికైనా లాగుతాయి అంది. ఈసారి అందరూ నవ్వారు, మా మరిది ఒక్కడు తప్ప.

తరువాత అవే కాయలతో సాయబన్న బండి దిగింది. అదేదో పూలబాట మీద పోయినట్టు పోయిందనుకోకండి. మొదటి గేరులోనే, దున్నపోతులా తల వంచుకుని, మెల్లమెల్లగా ఇసుక దాటింది. గట్టు సగం ఎక్కి ఆగిపోయింది, ఆగి వెనక్కి జారింది. దానితోపాటు నా గుండె కూడా జారింది. అందరూ నా ముఖమే చూస్తున్నారు, ఆఖరికి మా ఆయన కూడా ఆకాశాన్ని వదిలేసి నన్నే చూస్తున్నాడు. నేను కొంగు నడుముకు బిగించి, పరుగున గట్టు మీదికి పోయి నిలబడి, "రానీ అన్నా, రానీ!" అని కేకపెట్టాను. అది ముక్కింది, మూలిగింది, ముందు చక్రాలు పైకి వచ్చాయి, ఆ తరువాత మిగతా బండీ వచ్చింది. గట్టెక్కడమన్న మాట పుట్టినప్పటి నుంచి వింటున్నా, దాని అర్థం నాకు ఆ రోజే తెలిసింది.

ఆ బండి ముందు సీట్లోనే కూర్చుని పులివెందుల మండీకి పోయాను. మా వ్యాపారి అలవాటుగా ఒక కాయ తీసి తిప్పుతూ, "యాడి కాయమ్మా, వంక అవతలిదేనా?" అన్నాడు. "ఇప్పుడు ఈడ ఉండాది కదప్పా, ఈడి కాయే" అన్నాను. కమిలిన చోటు చూపించమన్నాను. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, అడుగునుంచి ఇంకోటి తీశాడు, వంక దొరకలేదు. ఆ రోజు అందరికీ ఇచ్చిన ధరే మాకూ ఇచ్చాడు. అంతకంటే నేను కోరిందీ లేదు.

ఆ బండే కొన్నాము. తాగిందా అంటే తాగింది, నేనేమీ దాచను. డీజిలు బంకు కనిపించినప్పుడల్లా, "వదినా, నీ బండికి దప్పికయితాంది" అని మా మరిది ఎగతాళి చేసేవాడు. మోసేవాడికి ముద్ద ఎక్కువే పెట్టాలని నేను బదులిచ్చేదాన్ని. ఆ రోజు ఇసుక తడిగా ఉండబట్టే తన బండి దిగబడిందని అతను చివరిదాకా వాదించాడు, నేను చివరిదాకా ఒప్పుకోలేదు. ఇప్పుడు వాదించడానికి అతను లేడు, నాకు ఆ వెలితి తీరేది కాదు.

ఇదంతా చెప్పి అమ్మాయి నోరు మూయించాననుకున్నాను. అది ఓపికగా విని, "వంక మీద బ్రిడ్జి ఏసినారు కదమ్మా, ఇంగ ఆ బలం ఏంటికి?" అంది. నిజమే. వంతెన వచ్చింది, తోట దాకా సిమెంటు రోడ్డు వచ్చింది, ఎవరెవరో ఇసుక తోలుకుపోగా వంకలో రాళ్లు మిగిలాయి, మా పాత బండి ఎప్పుడో పాతసామాన్లలోకి పోయింది. నేను నిలబడి కేకపెట్టిన గట్టు ఇదీ అని చూపించడానికి కూడా అక్కడ ఏమీ లేదు.

ఆ తరువాత మాటల్లో ఇంకో సంగతి బయటపడింది. షోరూములో వాళ్లు బండి కొనే మా అమ్మాయిని వదిలేసి, పక్కన నిలబడ్డ మా అల్లుడితోనే మాట్లాడారట. మండీలో కూడా కాయ బాగుందని ఒప్పుకుంటూనే, ఆడమనిషి వ్యాపారం కదా అని బేరం దగ్గర నసుగుతారట. వంకలో నీళ్లు పోయాయి, ఇసుక పోయింది, గట్టు పోయింది, వంకలు పెట్టేవాళ్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. బండి మైలేజీదే కొనుక్కోమన్నాను, ఇప్పటి దారికి అదే సరి. కానీ షోరూముకు నేనూ వస్తానన్నాను. ఈ బండికి పికప్ ఎంతుంటాది అని ఇంకొకసారి అడుగుతాను. ఎవరు నవ్వుతారో నవ్వనీ, చూస్తాను.