ముప్ఫై ఏడో సంచిక ఆఖరి ఆకు

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఒకప్పుడు ఏ పిల్లాణ్ణి ఆపి "మబ్బుదొర ఈ నెల గెలిచాడా?" అని అడిగినా, "మొగిలన్న డబ్బాలో చూడాలండి" అనేవాడు. ఆ కాలనీలో కథల ముగింపులన్నీ మొగిలి దగ్గర ఒక బిస్కెట్ల రేకు డబ్బాలో ఉండేవి. మాటవరసకు అంటున్నది కాదు, నిజంగా డబ్బాలోనే ఉండేవి.

మొగిలిది కిరాయి పుస్తకాల షాపు. అందులో నవలలూ ఉండేవి కానీ అసలు గిరాకీ బొమ్మల కథలకే. మబ్బుదొర పుస్తకం నెలకొకటి వచ్చేది. మబ్బు మీద ఎక్కి తిరుగుతూ ఆపదలో ఉన్నవాళ్ళను కాపాడడం దొర ఉద్యోగం. చాలా నెలలు రాక్షసులను తన్నడంతోనే సరిపోయేది. అలాంటి సంచికలను జనం ఒక పూటలో చదివి, తెచ్చి బల్ల మీద పడేసేవారు. కానీ ఎప్పుడో ఒక నెల, ఆ బొమ్మలు వేసేవాడికి ఏమయ్యేదో ఏమో, చేతిలోంచి ఒక అపురూపమైన సంచిక ఊడిపడేది. దాన్ని పట్టుకుపోయినవాడు ఇల్లైనా ఖాళీ చేస్తాడు కానీ పుస్తకం మాత్రం తిరిగి ఇవ్వడు.

అలా నాలుగు మంచి సంచికలు పోయాక మొగిలి ఒక ఉపాయం కనిపెట్టాడు. బాగున్న సంచిక రాగానే గడ్డం బ్లేడుతో కథ ముగిసే ఆఖరి ఆకు కోసి డబ్బాలో పెట్టేవాడు. పుస్తకం తిరిగిచ్చినవాడు బల్ల ముందు నిలబడి ఆ ఆకు చదువుకుని పోవాలి. ఒక బ్యాంకు గుమస్తా బదిలీ అయి విజయవాడ బస్సెక్కాడట. హయత్‌నగర్ దాటాక మనసు ఆగక బస్సు దిగి, ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని కూకట్‌పల్లి దాకా నడిచొచ్చాడట. పుస్తకం ఇచ్చి, ఆకు చదివి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ అలాగే నడిచిపోయాడట. ఆ పెట్టె ఏ రంగో, గుమస్తా చెప్పు ఏ కాలిది తెగిందో కూడా మొగిలి చెప్పగలడు. ఇవన్నీ బల్ల వెనక్కి పోయాక పుట్టుకొచ్చే సంగతులని అతని భార్య సక్కుబాయి అంటుంది.

సక్కుబాయి షాపు ముందు మిర్చి బజ్జీల బండి పెట్టేది. సదాశివపేట వైపు పల్లె నుంచి పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమెకు చదువు రాదు. నేర్చుకున్నది మబ్బుదొర ముప్ఫై ఏడో సంచికలో.

ఆ సంచికలో మబ్బుదొర కనబడడు. రాక్షసులూ లేరు. మేకపిల్ల పాడుబావిలో పడితే, దాన్ని తీయడానికి ఒక ఆడమనిషి తాడు పట్టుకుని దిగుతుంది. తాడు తెగుతుంది. ఊరంతా జాతరకు పోయి ఉంది. ఇక కథంతా బావి అడుగు నుంచే. ప్రతి పేజీలో చుట్టూ నల్లటి సిరా, నడుమ గుండ్రటి ఆకాశం. ఒక పేజీలో ఆ గుండ్రంలో ఎండ, ఇంకో పేజీలో ఒక కాకి, మరో పేజీలో పోతూ పోతూ ఒక మబ్బు తునక. మబ్బు కనబడిందంటే దొర వస్తాడని ఆమె పైకి చూస్తూ ఉంటుంది. ఒంటరి మనిషి ఎవరితో మాట్లాడుతుంది? ఒక్కో బొమ్మ గడికి ఒక మాట, ఒక్కోసారి అదీ లేదు. అందుకే సక్కుబాయికి ఆ పుస్తకం లొంగింది. గింజ గింజ ఏరుకున్నట్టు ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. బజ్జీల నూనె కాగేలోపు ఒక గడి అయ్యేది.

"ఆఖరి ఆకు?" అని అడిగింది.

"ముందుగాల పుస్తకం చదివి వాపస్ ఇయ్యి. రూల్ రూలే. పెండ్లామైతే ఏంది?" అన్నాడు మొగిలి.

ఆ ఏడాదే ఒక ముసురు సాయంత్రం బండి ముందు గిరాకీ విరగబడింది. బజ్జీలు చుట్టే కాగితాలు అయిపోయాయి. మొగిలి షాపులో లేడు. సక్కుబాయి లోపలికి పోయి, కరెంటు లేని చీకట్లో చేతికందిన డబ్బా తెరిచి, అందులోని ఆకులన్నిటిలో బజ్జీలు చుట్టి ఇచ్చేసింది. అప్పటికి ఆమె పుస్తకం సగంలో ఉంది. డబ్బా ఖాళీ అయ్యాక గానీ ఆ ఆకులేమిటో తెలియలేదు. ముప్ఫై ఏడో సంచిక ముగింపు ఎవరో నోరు తుడుచుకుని పారేశారు.

ఆ రోజు నుంచి ఇంట్లో అదొక తగవు. "చింపినోనివి నువ్వు" అని ఆమె, "చుట్టినదానివి నువ్వు" అని అతను. ఇంకో ప్రతి దొరకలేదు. పుస్తకం అచ్చువేసే కంపెనీ మూతబడింది. మొగిలి మాత్రం వెనక్కి తగ్గలేదు. ఎవరు పుస్తకం తెచ్చిచ్చినా బల్ల ముందు నిలబెట్టి ముగింపు నోటితో చెప్పేవాడు. వచ్చినవాళ్ళ మొహం చూసి, వాళ్ళకు నప్పే ముగింపు చెప్పేవాడు. చెప్పగా చెప్పగా అసలుది అతని బుర్రలోంచి అరిగిపోయింది.

ఇప్పుడు ఆ షాపులో మొగిలి ఫోన్ కవర్లు అమ్ముతున్నాడు. పుస్తకాలు ఇంట్లో అటక మీద గోనెసంచుల్లో ఉన్నాయి. ఇద్దరూ హఫీజ్‌పేట్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నారు. సక్కుబాయి బండి కూడా ఈ మధ్యే ఆగింది. గిరాకీకి బజ్జీలు ఇవ్వబోయి, పక్కనే ఉన్నది కనబడక మరిగే నూనె మూకుడు తోసేసింది. కాలిన చేతితో దవాఖానకు పోతే డాక్టరమ్మ చేతికి మందు రాసి, కళ్ళు చూసి, పెద్ద దవాఖానకు పంపింది. అక్కడ కళ్ళలో నీటికాసులన్నారు. పోయిన చూపు రాదు, ఉన్నది చుట్టూ మూసుకుంటూ వస్తుంది, చుక్కల మందు వేసుకున్నా ఇంత ముదిరాక ఎంతో కాలం ఆగదు అన్నారు.

ఇంటికొచ్చి సక్కుబాయి మంచం మీద కూర్చుంది. ఏడవలేదు. వెనక అట్ట ఎప్పుడో ఊడిన ముప్ఫై ఏడో సంచికను అటక మీంచి తీయమంది. మొహానికి దగ్గరగా పెట్టుకుని, ఒక గడి చూసి, తల జరిపి, ఇంకో గడి చూసింది.

"చుట్టూత చీకటి, నడుమ గింత గుండ్రం. నేను గా బాయిల ఉన్న," అంది. "ఆమెను తీసిండ్రా, తియ్యలేదా?"

"ఎందుకు తియ్యరు? మబ్బుదొర మబ్బును తాడు లెక్క పేని కిందికి ఇడిసిండు."

"నిరుడు అడిగితే మేకపిల్ల ఎగిరి దుంకి ఊరోళ్ళను పిల్చుకొచ్చిందన్నవ్."

"అదిగూడ వచ్చింది."

"అంతకుముందు వాన పడి బాయి నిండితే ఈదుకుంట పైకొచ్చిందంటివి."

"వానగూడ పడ్డదే! అన్నీ ఒక్కపారే అయినయ్."

సక్కుబాయి నవ్వింది. నవ్వి, "నీ నోటితోని వద్దయ్యా. ఈ గుండ్రం మూసుకోకముందు నా కండ్లతోని జూడాలె. చదువు నేర్చినందుకు గదొక్కటి జూపియ్యి," అంది.

మొగిలి ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాలన్నీ కెలికాడు. పాత కాగితాల దుకాణాల్లో తుమ్ముతూ తిరిగాడు. ఎక్కడా లేదు. చివరికి షాపుకు ఫోన్ కవర్ కోసం వచ్చిన వర్షిత అనే హాస్టల్ అమ్మాయి విషయం విని, పుస్తకం ముందు అట్టను ఫోటో తీసి, పాత బొమ్మల కథలు పోగుచేసేవాళ్ళ గుంపులో పెట్టింది. మర్నాడే జవాబొచ్చింది. హైటెక్ సిటీలో ఉండే రాకేష్ అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి దగ్గర ముప్ఫై ఏడో సంచిక ఉందట. ఒక్క పేజీ పోకుండా, పూర్తిగా ఉందట.

ఇద్దరూ హఫీజ్‌పేట్ స్టేషన్‌లో లోకల్ రైలెక్కి తర్వాతి స్టేషన్‌లో దిగారు. సక్కుబాయి పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టుకుంది. పుస్తకం చూడబోతున్నావా, పిల్లను చూడబోతున్నావా అని మొగిలి దారి పొడుగునా ఆటపట్టించాడు.

రాకేష్ మంచివాడు. గేటు దాకా దిగొచ్చి, "రండి అంకుల్, మెల్లగా ఆంటీ, ఇక్కడ మెట్టుందండి," అంటూ చెయ్యి పట్టుకుని లిఫ్ట్‌లో పైకి తీసుకుపోయాడు. హాల్లో ఒక గోడంతా బొమ్మల పుస్తకాలు, ఒక్కోదాని మీద ఒక్కో చిన్న దీపం. మధ్యలో ముప్ఫై ఏడో సంచిక. అచ్చులోంచి నిన్ననే వచ్చినట్టు ఉంది.

"నా కలెక్షన్ మొత్తంలో ఇదే నాకు ప్రాణమండి," అన్నాడు రాకేష్. "అంత పెద్ద హీరో లేకుండా అట్ట మీద వట్టి బావి! ఎంత ధైర్యం చూడండి."

గోడ మీంచి తీసి సక్కుబాయి ఒళ్ళో పెట్టాడు. ఆమె వేళ్ళు అంచులు తడిమాయి. పుస్తకం చుట్టూ దళసరి ప్లాస్టిక్ పెట్టె ఉంది. ఎక్కడా సందు లేదు, మూత లేదు.

"ఇది ఎట్ల తెరుస్తరు బిడ్డా?" అంది.

రాకేష్ ఇబ్బందిగా కదిలాడు. "తెరవరండి. పుస్తకం ఎంత చెక్కుచెదరకుండా ఉందో విదేశాల్లో పరీక్ష చేసి, మార్కులేసి, సీల్ చేస్తారు. పగలగొడితే ఆ మార్కులు పోతాయి. మళ్ళీ మామూలు పాత పుస్తకం అయిపోతుంది."

"మరి మీరు చదివిండ్రా సార్?" అన్నాడు మొగిలి.

"నేను కొనేటప్పటికే సీల్ అయి ఉందండి."

"లోపల ఏమున్నదో ఎర్కలేదా?"

"లేదండి."

మొగిలి చాలాసేపు రాకేష్‌ను చూశాడు. ఈ కుర్రవాడు తనకంటే గట్టివాడు. తను ఒక్క ఆకే దాచాడు. ఇతను పుస్తకమంతా దాచాడు, తనకు తను కూడా చూపించుకోకుండా. కోపం రావాల్సింది, కానీ పాత షాపులో బల్లకు ఇటువైపు, గిరాకీల వరసలో నిలబడ్డట్టు అనిపించి, అడగాల్సిన మాట నోట్లోనే ఉండిపోయింది. "జర చూడు బిడ్డా, ఆమె కండ్లకు టైమ్ లేదు" అని మాత్రం అన్నాడు. రాకేష్ తల దించుకున్నాడు. ఎక్కడైనా ఇంటర్‌నెట్‌లో ఆ పేజీ ఉందేమోనని, వర్షిత అడిగినప్పటి నుంచి రెండు రోజులు వెతికానని, దొరకలేదని, కానీ ఇది మాత్రం తెరవలేనని, క్షమించమని అన్నాడు.

ఈలోగా సక్కుబాయి పెట్టెను వెనక్కి తిప్పింది. మొహానికి ఆనించుకుని, మొదట చదువు నేర్చినప్పటిలాగే, కొంచెం కొంచెంగా తల జరుపుతూ చూసింది.

"ఒక ముసలాయన నవ్వుతుండు," అంది. కాస్త జరిగింది. "చిన్నపోరి నవ్వుతుంది." ఇంకాస్త జరిగింది. "ఒక ఆడామె. ఆమెగూడ నవ్వుతుంది. బాయిల ఆమెనేనా ఈమె?"

మొగిలి ఆమె భుజం మీదుగా తొంగి చూశాడు. "ఆమెనే. పైకొచ్చినంక ఇంటిల్లిపాది నవ్వుతుండ్రు. నేను చెప్పలేదా?"

సక్కుబాయి తల ఇంకొంచెం జరిగింది. ఆగింది.

"చేతిల డబ్బా ఎందుకున్నది?"

కట్టెపుల్లకు కూడా కథ కట్టగలిగిన మొగిలి గోడ మీది దీపాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"పళ్ళ... పొ... డి," అని చదివింది సక్కుబాయి. వెనక అట్ట మీది ప్రకటన. ఆఖరి ఆకు దానికి సరిగ్గా వెనకాలే ఉంది. పెట్టెను కొంగుతో తుడిచి జాగ్రత్తగా తిరిగిచ్చింది. "మంచిగ జూపిచ్చినవ్ బిడ్డా. పా అయ్యా, పోదాం."

రైల్లో సక్కుబాయి కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చుంది.

బతుకమ్మ పండుగ నాటికి ఆమె గుండ్రం పూర్తిగా మూసుకుంది. పువ్వులను వాసన పట్టి చెప్పడం నేర్చుకుంది. మొగిలి ఆమె చేతికి గ్లాసు అందించడం, గోడ ఎటుందో చెప్పడం నేర్చుకున్నాడు. షాపులో ఎవరైనా పాత గిరాకీ వచ్చి కథ చెప్పమంటే, యాదికి లేదనేవాడు.

ఒక మధ్యాహ్నం రాకేష్ ఫోన్ చేశాడు. గోడ వైపు చూసినప్పుడల్లా ఆంటీ పళ్ళపొడి అని చదివిన గొంతే వినబడుతోందని, ఉండలేక సుత్తి తీసుకుని పెట్టె పగలగొట్టానని చెప్పాడు. ఆకు ఫోటో పంపుతున్నానన్నాడు. ఆంటీకి చూపించండి అంకుల్ అన్నాడు. మొగిలి సరేనన్నాడు. ఇప్పుడు చూపించడానికి ఏమీ మిగల్లేదని అతనికి చెప్పలేదు.

ఫోన్‌లో ఫోటో వచ్చింది. మొగిలి దాన్ని వేళ్ళతో పెద్దది చేసి, ఒక్కో గడి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎవరు ఫోను?" అంది సక్కుబాయి.

"గా రాకేష్ సారు. తెరిచిండట. ఆకు పంపిండు."

ఆమె మంచం మీద లేచి కూర్చుంది. చూపు లేని కళ్ళను అలవాటుగా అతని వైపు తిప్పింది. "ఏమున్నది?"

మొగిలి నాలుక చివర మబ్బు తాడు ఉంది, మేకపిల్ల ఉంది, వాన ఉంది. అన్నీ వరసగా నిలబడి ఉన్నాయి.

"ఎవ్వరు రాలే," అన్నాడు. "పొద్దుగూకింది. గుండ్రం చిన్నగయ్యింది. ఆమె మేకపిల్లను ఒళ్ళె పెట్టుకున్నది. ఆఖరి గడి మొత్తం నలుపే. ఆ నలుపుల ఒక్క మాట ఉన్నది, 'పండుకో' అని."

"మబ్బుదొర?"

"రాలే."

బయట రైలు పోయింది. అది పూర్తిగా పోయేదాకా సక్కుబాయి ఆగింది.

"గిది నిజమే," అంది. "గిట్ల చెప్పుడు నీకు రాదు."

చెయ్యి చాపి మంచం పట్టె కోసం తడిమింది. మొగిలి పక్కకు వచ్చి కూర్చుని, ఆ చేతికి తన చెయ్యి అందించాడు. ఆమె పడుకుని గోడ వైపు తిరిగింది. అతను ఫోన్‌లో ఆ నల్లటి గడిని, తెర దానంతట అదే ఆరిపోయేదాకా చూస్తూ కూర్చున్నాడు.