సాక్ష్యం చెప్పి వచ్చి మాత్రలు పారేశాను

ఆ రోజు సోమవారం. కూకట్‌పల్లి నుంచి మెట్రోలో వచ్చి అమీర్‌పేటలో దిగాను. రోజూ దిగే మెట్లే. సగంలో ఉండగా గుండె దడదడ కొట్టుకోవడం మొదలైంది. చేతివేళ్ళు తిమ్మిరెక్కాయి. ఎంత పీల్చినా గాలి అందడం లేదు. రెయిలింగ్ పట్టుకుని అక్కడే కూలబడ్డాను. ముప్ఫై ఆరేళ్ళకే హార్ట్ అటాక్ వచ్చేసింది, సాయంత్రం నా కూతుర్ని స్కూల్ నుంచి ఎవరు తెస్తారు అన్నదొక్కటే ఆలోచన. సెక్యూరిటీలో ఉన్న ఆమె వచ్చి నీళ్ళు తాగించి, "జర నిమ్మళంగ కూసో అక్కా, ఏం కాదు" అంది. పావుగంటలో అంతా తగ్గిపోయింది. లేచి చీర దులుపుకుని ఆఫీసుకు వెళ్ళిపోయాను. అంత మొండిదాన్ని.

నేను అక్కడ ఒక సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్‌లో అడ్మిషన్ కౌన్సెలర్‌ని. ఏ కోర్సు చేస్తే జీవితం బాగుపడుతుందో రోజంతా పిల్లలకు చెబుతుంటాను. నా జీవితం సంగతి ఆ టేబుల్ దగ్గర ఎవరికీ తెలియదు. అప్పటికి నెల క్రితమే నాకు విడాకులు వచ్చాయి. ఎనిమిదేళ్ళ కాపురం. ఆయనకు ఇంకొకామెతో సంబంధం. రెండేళ్ళు దాచాడు, దొరికిపోయాక దాచడం కూడా మానేశాడు. కాగితాల మీద మ్యూచువల్ కన్సెంట్ అని రాశారు. కన్సెంట్ ఏమిటి నా మొహం, పోట్లాడే ఓపిక అయిపోయింది, అంతే. కోర్టులో ఏడవలేదు, చుట్టాల ముందు ఏడవలేదు. అదే ధైర్యమనుకున్నాను.

తర్వాత ఆసుపత్రికి వెళితే ఈసీజీ తీశారు. టూడీ ఎకో, థైరాయిడ్ కూడా చూశారు. అన్నీ నార్మల్. కానీ అటాక్‌లు ఆగలేదు. ఒక ఆదివారం పొద్దున పెనం మీద దోసె ఉండగానే వంటింట్లో పడిపోయాను. నా కూతురు ఆద్యకు అప్పుడు ఏడేళ్ళు. స్టవ్ ఆపి, పక్కింటి తలుపు కొట్టి, మనుషుల్ని పిలుచుకొచ్చింది. ఆ తర్వాత రెండు రోజులు అది మాట్లాడలేదు. సనత్‌నగర్‌లో ఉండే మా అక్క వచ్చి, "నాలుగు దినాలు నా దగ్గరుండనియ్యి. నువ్వు జర మంచిగైనంక తీస్కపో" అని దాన్ని వెంటబెట్టుకుని వెళ్ళింది.

నాలుగు రోజులు కాస్తా నెలలయ్యాయి. ప్రతి ఆదివారం వెళ్ళేదాన్ని. నాతో బాగా ఆడేది, జడ వేయించుకునేది. "ఇంటికెళ్దామా?" అంటే మాత్రం వాళ్ళ పెద్దమ్మ వెనక దాక్కుని, "నువ్వు మళ్ళీ పడిపోతవు" అనేది. అప్పటి నుంచి నాకు బాగవడమంటే ఒక్కటే అర్థం, ఆద్య భయం లేకుండా నా ఇంట్లో ఉండగలగడం.

గుండె డాక్టర్ చివరికి సైకియాట్రిస్ట్ పేరు రాసిచ్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా బావ ఆ చీటీ చూసి, "ఏంది, ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి పంపుతుండ్రా?" అని నవ్వబోయి, అక్క చూపు చూసి ఆగిపోయాడు. రెండు వారాలు చీటీని బ్యాగులోనే తిప్పి, ఆఖరికి వెళ్ళాను. ఆ డాక్టరమ్మ నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. "పానిక్ డిజార్డర్, దాంతోపాటు డిప్రెషన్ ఉందమ్మా. ఇవి జబ్బులు, మీ తప్పులు కావు. కనీసం ఏడాది టాబ్లెట్స్ వాడాలి. బాగైపోయిందని మీకు అనిపించిన రోజు మాత్రం జాగ్రత్త. అందరూ ఆ రోజే మానేస్తారు" అన్నారు. బుద్ధిమంతురాలిలా తలూపాను.

మాత్రలతో నెల తిరిగేసరికి అటాక్‌లు పలచబడ్డాయి. లోపలి మంట మాత్రం అలాగే ఉంది. మా చుట్టాలమ్మాయిని పెళ్ళికూతుర్ని చేస్తుంటే పసుపు గిన్నె అందుకోబోయాను. మా మేనత్త మెల్లగా దాన్ని నా చేతిలోంచి తీసుకుని, "నువ్వు కూసో బిడ్డా, అలసిపోయినట్టున్నవ్" అంది. నేనేమీ అలసిపోలేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు.

మర్నాడు ఆఫీసులో నా మొహం చూసి పక్క సీటు సునీత, "శుక్రవారం పంజాగుట్టలో మా ఉపవాస ప్రార్థన ఉంది, వస్తావా?" అంది. వాళ్ళది గుంటూరు, క్రిస్టియన్లు.

"ఏం, మీ మతంలో కలిపేస్తావా?" అన్నాను.

"కలిపేదాన్నయితే నాలుగేళ్ళుగా నీ పక్కన నోరుమూసుకుని కూర్చుంటానా? వచ్చి కాసేపు కూర్చో. ఎవరూ ఏమీ అడగరు."

బట్టల షాపు పైన మూడో అంతస్తులో ఒక హాలు. కింద చాపలు. ఆడవాళ్ళంతా తల మీద కొంగు కప్పుకుని ఒక పక్కన కూర్చున్నారు. పారిపోవడానికి వీలుగా ఉంటుందని నేను చెప్పుల దగ్గర కూర్చున్నాను. అక్కడ అందరూ ఒకేసారి గొంతెత్తి ప్రార్థన చేస్తారు, ఎవరి మాట ఎవరికీ వినబడదు. ఆ హోరులో నేనూ నోరు తెరిచాను. మొదట మా ఆయన్ని తిట్టాను, తర్వాత దేవుణ్ణి తిట్టాను. తర్వాత బావురుమని ఏడ్చాను. ఒక్కరూ తిరిగి చూడలేదు. ఏడాదిగా కుక్కుకున్న ఏడుపంతా అక్కడ పోయింది. మరుసటి శుక్రవారం ఎవరూ పిలవకుండానే వెళ్ళాను.

పాస్టర్‌గారి భార్యను అందరూ అమ్మగారు అంటారు. ఒక ఆదివారం ఆమె నన్ను పిలిచి, "ఏంటమ్మా ఊరికే కూర్చున్నావు? ప్రభువు బల్ల కప్పులు కడగాలి, రా" అన్నారు. రొట్టె, ద్రాక్షరసం పంచే చిన్న చిన్న కప్పులవి. నాకు పసుపు గిన్నె గుర్తొచ్చింది. "నాకు విడాకులయ్యాయండీ" అన్నాను, ముందే చెప్పేస్తే మంచిదని.

"కప్పులు కడగడానికి చేతులుంటే చాలమ్మా, మొగుడెందుకు?" అన్నారు.

నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఆ కప్పులు కడుగుతూ కడుగుతూ నేను మనిషినయ్యాను. కొన్నాళ్ళకు బాప్తిస్మం తీసుకున్నాను. అక్క నెల రోజులు అలిగి, "నీ దేవుడెవలైనా మంచిదే, ముందుగాల నువ్వు మంచిగ గావాలె" అని ఊరుకుంది. మా ఆయన్ని క్షమించేశానని గొప్పలు చెప్పను. కానీ ఒక రోజు ప్రార్థన మొత్తం అయిపోయాక చూసుకుంటే, అందులో ఆయన పేరే రాలేదు. ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాను. ఆద్య కూడా పరీక్షలు కాగానే ఇంటికొస్తానంది.

ఇక నేను చేసిన తప్పు. మా సంఘంలో మేలు పొందినవాళ్ళు మైకు ముందుకొచ్చి సాక్ష్యం చెబుతారు. నేనూ వెళ్ళి, "ప్రభువు నన్ను సంపూర్ణంగా స్వస్థపరిచాడు" అన్నాను. చప్పట్లు, స్తోత్రాలతో హాలు మోగిపోయింది. ఇంటికొచ్చి చూస్తే టేబుల్ మీద మాత్రలు. సంపూర్ణంగా అని అందరి ముందు చెప్పినదాన్ని ఇవెలా మింగను? మింగితే దేవుడి ఎదుట అబద్ధమాడినట్టే కదా? షీటు మొత్తం చెత్తబుట్టలో వేశాను. మానేయమని ఎవరూ చెప్పలేదు. పాస్టర్‌గారు చెప్పలేదు, సునీత చెప్పలేదు. నా అంతట నేనే చేశాను.

నాలుగో రోజుకు తల తిరుగుడు, వాంతులు, తలలో కరెంటు కొట్టినట్టు జలదరింపు. ఇది శోధన, దేవుడు పెట్టిన పరీక్ష, తట్టుకుని నిలబడాలి అనుకుని పైనుంచి ఉపవాసాలు కూడా మొదలుపెట్టాను. పన్నెండో రోజు ఆద్యను తెచ్చుకోవడానికి వెళ్ళాను. అది బ్యాగు సర్దుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. దాని ముందే పడిపోయాను. అది బ్యాగు అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తి తలుపేసుకుంది. నా బతుకులో విడాకుల కాగితం కన్నా ఎక్కువ బాధపెట్టింది ఆ తలుపే.

డాక్టరమ్మ కోప్పడలేదు. "సడెన్‌గా ఆపితే ఒళ్ళు ఇలాగే తిరగబడుతుంది, విత్‌డ్రాయల్ అంటాం. మళ్ళీ మొదలుపెడదాం. తగ్గించాల్సినప్పుడు నేనే కొంచెం కొంచెంగా తగ్గిస్తాను" అన్నారు. అక్కడి నుంచి నేరుగా పాస్టర్‌గారి దగ్గరికి వెళ్ళి, నా విశ్వాసం చాలలేదని ఏడ్చాను. ఆయన తన కుర్చీ దగ్గరకు జరుపుకున్నారు.

"నాకు షుగరమ్మా. రోజూ పొద్దున్నే ప్రార్థన చేసుకుని ఇన్సులిన్ పొడుచుకుంటాను. ఎప్పుడన్నా సంఘంలో చెప్పానా? చెప్పలేదు. ఇందులో నా తప్పు కూడా ఉంది. వచ్చే ఆదివారం ముందు నేను చెబుతాను, తర్వాత నువ్వు చెప్పు."

అలాగే ఆయన చెప్పారు. తర్వాత నేను మైకు పట్టుకుని, నాకున్న జబ్బు పేరు, మాత్రలు పారేసిన సంగతి, గేటు దగ్గర పడిపోయిన సంగతి చెప్పాను. ఈసారి చప్పట్లు లేవు. ఇక వీళ్ళ మొహం చూడలేననుకుంటూ చెప్పులేసుకుంటుంటే ఒకామె నా మోచెయ్యి పట్టుకుని, "ఆ డాక్టరమ్మ ఏడుంటది?" అని గుసగుసగా అడిగింది. మెట్లు దిగేలోపు ఇంకో ఇద్దరు అడిగారు.

ఆద్యకు కూడా నిజం చెప్పాను. "మళ్ళీ పడిపోవచ్చు. కానీ చచ్చిపోను. కాసేపట్లో తగ్గుతుంది. నా పక్కన కూర్చుని అంకెలు లెక్కపెట్టు, చాలు" అన్నాను. మూడు నెలలకు ఇంటికొచ్చింది. ఇప్పుడు నా మాత్రలు సగానికి తగ్గాయి, తగ్గించింది డాక్టరమ్మే. మొన్నొక రోజు కూర తరుగుతుంటే గుండె దడ మొదలైంది. ఆద్య వచ్చి పక్కన కూర్చుంది. డెబ్బై దాకా లెక్కపెట్టి, "అయిపోయిందా? నాకు ఆకలైతుంది" అంది. దాని గొంతులో భయం లేదు. విసుగుంది. ఆ విసుగుకు నేను దేవునికి ఎన్ని స్తోత్రాలు చెప్పానో.

నాలాంటి వాళ్ళకు ఒక్కటే చెబుతాను. దేవుడు మీకు మేలు చేశాడనిపిస్తే నలుగురిలో నిలబడి సంతోషంగా సాక్ష్యం చెప్పండి. ఇంటికొచ్చి ఆ పూట మాత్ర వేసుకోండి. మానాలో వద్దో డాక్టర్‌ను అడగండి.