ఎర్ర ఆవుకు నల్ల దూడ

కొవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది వానాకాలంలో నన్ను దెగ్లూర్ తాలూకాకు పశుధన్ వికాస్ అధికారిగా, అంటే పశువుల డాక్టరుగా వేశారు. రిటైరయ్యే ముందు అదే నా చివరి పోస్టింగు.

మర్ఖేల్ దగ్గరి ఊళ్లో సాయిలు అనే రైతు ఇంటి ఎర్ర కంధారి జాతి ఆవుకు కృత్రిమ గర్భధారణ చేశాను. ఆబోతు వీర్యాన్ని సన్నని గొట్టాల్లో గడ్డకట్టించి ఉంచుతాం. ఆ గొట్టాన్ని స్ట్రా అంటాం. నేను వేసింది మేలైన ఎర్ర కంధారిది. పుట్టేదాన్ని జాతర పశు ప్రదర్శనలో నిలబెట్టాలని సాయిలు ఆశ.

మరుసటి వేసవిలో, సరిగ్గా సంత రోజు, అతను పెయ్యదూడను జీపులో వేసుకుని సంత పక్కనున్న మా దవాఖానకు వచ్చాడు. దూడ బొగ్గులా ఉంది.

“ఏంది సారు, ఎర్రది ఏస్తనని హెచ్చెఫ్‌ది ఏసినవా?” అన్నాడు. హెచ్చెఫ్ అంటే నలుపు తెలుపుల సీమ ఆవు జాతి. సంతంతా నవ్వింది. మా పై అధికారి అతనికి చాయ్ తెప్పించి, తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసిమ్మని నాకు చెప్పాడు. నాకు చాయ్ తెప్పించలేదు. రాయనన్నాను.

నా వాదన ఇది. క్రోమోజోములు జతలుగా ఉంటాయి. ప్రతి జతలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఒంటి రంగును నిర్ణయించే జన్యువు వాటి మీదే ఉంటుంది. నలుపు ఒక్క వైపు నుంచి వచ్చినా దూడ నల్లగా పుడుతుంది. ఎరుపు కావాలంటే రెండు వైపులా ఎరుపే రావాలి. కాబట్టి ఎర్ర ఆవులో నలుపు దాగి ఉండదు. తండ్రే నల్లది. పోనీ హెచ్చెఫ్ అనుకుందామంటే, ఆ సంకరానికి ఇంత గంగడోలు ఉండదు, చెవులు ఇలా వేలాడవు. ఈ దూడ అచ్చం నాటుది. నాటు నల్ల ఆబోతు స్ట్రా మా దగ్గర ఎన్నడూ లేదు.

మర్నాడే సాయిలు ఇంటికి వెళ్లి, ఊళ్లో నల్ల ఆబోతు ఉందా అని అడిగాను.

“దేవుని పేర ఇడిశింది ఉన్నది. గాని మా ఆవు కట్టేసే ఉండె,” అన్నాడు.

గడప మీద కూర్చున్న అతని తల్లి గంగవ్వ నోరు విప్పింది. “ఆ దినం నువ్వు కుండల్‌వాడి పోతివి గదరా. పొద్దుగూకినా ఆవు అరుసుడు బంద్ చెయ్యలే. నేనే ఇప్పి ఆబోతు కాడికి తోల్కవోయిన.”

“ఎందుకే అవ్వా? సారు సూది ఏసె గద!”

“సూది సగం, ఆబోతు సగం. ఇద్దరి బలం కలిస్తె దూడ గట్టిగుంటదనుకున్న. తప్పేంది?”

సగాలు కలవవని, దూడకు తండ్రి ఒక్కడేనని, ముందు చేరినవాడిదే గెలుపని చెప్పాను.

“అయితె మీ సూది కన్న మా ఆబోతే జోరుగ ఉర్కింది సారు,” అంది గంగవ్వ. కోపంగా వెళ్లినవాణ్ణి నవ్వు ఆపుకోలేకపోయాను.

అయినా వదల్లేదు. సంతలో అన్న మాటను సంతలోనే వెనక్కి తీసుకోవాలన్నాను. వచ్చే సంతకు సాయిలు వచ్చి, దవాఖాన ముందు నిలబడి, “తప్పు మా అవ్వది, సారుది గాదు!” అని అందరికీ వినబడేలా అరిచాడు. మా అధికారి కాగితం అడగడం మానేశాడే గాని, పొరపాటైందని ఈనాటికీ అనలేదు.

సాయిలుకు ఒక సంగతి చెప్పి పంపాను. ఆ పెయ్య నల్లదే గాని, తల్లి ఇచ్చిన ఎరుపు దానిలో ఉంది. ఎర్ర ఆబోతు స్ట్రా వేయిస్తే ప్రతి ఈతలోనూ ఎర్ర దూడకు సగం అవకాశం ఉంటుంది.

ఆ తర్వాత ఎక్కడ స్ట్రా వేసినా, మర్నాటిదాకా ఆవును విప్పొద్దని యజమానికి చెప్పి ఊరుకోలేదు. ఆ ఇంట్లో ఆవును విప్పేది, కట్టేది ఎవరో అడిగి, వాళ్లనే పిలిపించి చెప్పాను.