బ్రాకెట్లలో మిగిలిపోయిన నవ్వులు

సంతకం పెట్టడానికి ఆమెకి పట్టింది అర నిమిషం. "గౌరవ సభ్యుల ప్రసంగాన్ని ఎక్కించడంలో జరిగిన పొరపాటు నాదే. క్షమించగలరు" అని ముందే టైపు చేసి ఉంచారు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఒక్క మాట తప్పు రాయని మనిషి, శాసనసభ కార్యదర్శి వేలు పెట్టి చూపించిన చోట తప్పు ఒప్పేసుకుంది. పెన్ను మూత పెట్టి, "వస్తాను సార్" అని నమస్కారం కూడా పెట్టి బయటికొచ్చింది.

వీధిలో ఆమెని గీతలక్క అంటారు. శాసనసభలో రిపోర్టరు. అంటే పత్రికల మనిషి కాదు, సభ్యులు నోరు విప్పగానే ఆ మాటల్ని షార్ట్‌హ్యాండ్ గీతల్లో పట్టుకునే ఉద్యోగి. స్పీకరు కుర్చీకి దిగువన చిన్న బల్ల. అక్కడ పది నిమిషాలు కూర్చుని రాయాలి, లేచి లోపలికెళ్లి టైపు కొట్టాలి, మళ్లీ వంతు రాగానే పరుగెత్తాలి. మాటలు మామూలుగా ఎక్కించాలి. అరుపులు, బల్లల చప్పుళ్లు, నవ్వులు ఏవైనా ఉంటే బ్రాకెట్లలో పెట్టాలి. ఇంట్లో కూరగాయల చీటీ కూడా గీతల్లోనే రాసేది. "అక్కా, ఇది వంకాయా, వానపామా? కొట్టువాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు" అని చెల్లెలు కేకలేసేది.

ఆ చెల్లెలు నూలు మిల్లులో ప్యాకింగ్ గదిలో పనిచేసేది. ఒక మధ్యాహ్నం ఆ గది అంటుకుంది. తలుపుకి బయటి నుంచి గడియ పెట్టి ఉంది. నలుగురు ఆడవాళ్లు లోపలే పోయారు. కిటికీ ఊచలు పట్టుకుని వేలాడిన చెల్లెలు, జనం ఆ ఊచలు పీకి లాగడంతో బతికి బయటపడింది కానీ, రెండు చేతుల వేళ్లూ కాలి ముడుచుకుపోయాయి. జడ అల్లుకోవడానికి కూడా అక్క కావాల్సి వచ్చింది.

ఆ నియోజకవర్గం సభ్యుడికి వీధి పెట్టిన పేరు ఐదేళ్ల అల్లుడు. ఐదేళ్లకోసారి వస్తాడు, మర్యాదలన్నీ చేయించుకుంటాడు, అడిగింది పట్టుకుపోతాడు. మిల్లు యజమాని ఆయనకి స్వయానా వియ్యంకుడు. ప్రమాదం మీద సభలో ప్రశ్న వచ్చిన రోజు ఆయన లేచాడు. బల్ల దగ్గర వంతు గీతలక్కది.

"అధ్యక్షా, బయటి నుంచి ఎవరూ గడియ పెట్టలేదు. పని ఎగ్గొట్టి కునుకు తియ్యడానికి ఆ ఆడవాళ్లే లోపల గడియ పెట్టుకున్నారు. కల్లో నిప్పు కనిపిస్తే మాత్రం లేస్తారా?"

ఆయన వైపు వరసలు ఘొల్లున నవ్వాయి. గీతలక్క రాసింది. చెయ్యి వణకలేదు. వణికితే గీత మారుతుంది, గీత మారితే మాట మారుతుంది. చివర బ్రాకెట్లలో "సభలో నవ్వులు" అని కూడా పెట్టింది. టైపు చేసి ఇచ్చాక మాత్రం వరండా చివరి కుళాయి కింద తల పెట్టి చాలాసేపు ఉండిపోయింది.

మర్నాడు ఆ టైపు ప్రతిలోంచే పత్రికల్లో ఆ మాటలు పడ్డాయి. మిల్లు గేటు దగ్గర జనం పోగయ్యారు. ఐదేళ్ల అల్లుడు, "నేనలా అనలేదు, ఎవరో రిపోర్టరు తప్పుగా రాసింది" అన్నాడు. సభలో మాటలు పట్టే యంత్రం ఒకటుంది. విచిత్రంగా ఆ పది నిమిషాలే చెడిపోయాయట. పొట్ట పట్టుకుని నవ్విన సభ్యులందరికీ ఒక్కసారే చెవుడొచ్చింది.

"నీకింకా మూడేళ్ల సర్వీసుంది కదమ్మా" అన్నాడు కార్యదర్శి మెత్తగా. "చెల్లెలి వైద్యం నీ ఉద్యోగుల ఆరోగ్య కార్డు మీదే నడుస్తోందట. ఇంకా రెండు ఆపరేషన్లు ఉన్నాయనుకుంటా?"

అందుకే ఆ సంతకం. ఆ తర్వాత ఆమెని సభలోంచి తీసేసి నేలమాళిగలో పాత రికార్డుల గదికి పంపారు.

ఆ సాయంత్రం చెల్లెలు ఒకే ఒక్క మాట అడిగింది. "మేమే గడియ పెట్టుకున్నామని వాడన్నాడా అక్కా, లేక నువ్వే తప్పు రాశావా?"

గీతలక్క ఇంకో ముద్ద కలిపి అందించబోయింది. చెల్లెలు కంచం ముందు నుంచి లేచిపోయింది. మూడేళ్లపాటు ఒకే ఇంట్లో ఉంటూ, జడ అల్లేటప్పుడు తప్ప వాళ్లిద్దరూ దగ్గరగా కూర్చోలేదు.

నేలమాళిగలో కిటికీ లేదు. ట్యూబులైటు, దుమ్ము, అరలు, అచ్చయిన సభా కార్యకలాపాల సంపుటాలు, అంతే. పగ పెంచుకోవడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. ఆమె రోజుకో సంపుటం తీసి ఐదేళ్ల అల్లుడు మాట్లాడిన ప్రతి ముక్కా నోటుబుక్కులోకి ఎక్కించుకుంది. పట్టుమని పన్నెండు పేజీలు నిండలేదు. ఆయన నోరు విప్పిందే ముప్ఫై ఒక్కసారి, అందులో పంతొమ్మిది సార్లు "అవును అధ్యక్షా" అనడానికి. మిల్లు ప్రమాదం నాటి సంపుటం మాత్రం చాలాకాలం ముట్టుకోలేదు. తన సంతకం అందులో అచ్చయి ఉంది.

పదవీ విరమణకి నెల ముందు దాన్ని కూడా తెరిచింది. నాలుగువందల పన్నెండో పేజీ. ముందు ఆమె క్షమాపణ, కింద సవరించిన ప్రసంగం:

"నలుగురు ఆడవాళ్లు చనిపోవడం బాధాకరం అధ్యక్షా. దీనిపై విచారణ జరగాలి. (సభలో నవ్వులు)"

ఆమె కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది. మాట మార్చారు, నవ్వు మర్చిపోయారు. సభ్యులెప్పుడూ తమ మాటలే చూసుకుంటారు. బ్రాకెట్లలో ఉన్నవి రిపోర్టరు మాటలు, వాటినెవరు పట్టించుకుంటారు? లేచి నిలబడి, నడుము పట్టుకుని, నేలమాళిగలో ఒంటరిగా, "దొరికావురా" అంది. అంతకుముందెప్పుడూ ఎవర్నీ 'రా' అనలేదు.

ఉద్యోగం అయిపోయాక ఎన్నికలు నాలుగు నెలల్లో పడ్డాయి. ఉద్యోగి నోరెత్తకూడదన్న నిబంధన ఇక ఆమెకి లేదు. ఆ పేజీ నకలు, నోటుబుక్కు సంచిలో వేసుకుని మొదట చెల్లెలి ముందే పెట్టింది. చెల్లెలు వంకర వేళ్లతో కాగితం పట్టుకుని చదివింది.

"చావు మాటకి నవ్వెందుకొచ్చిందక్కా?"

"అదే ఊరంతా అడగాలి."

"మూడేళ్లు నోరు కుట్టేసుకున్నావు కదే!" అని చెల్లెలు ఆమె భుజం మీద ఒక్కటేసి ఏడ్చింది. తర్వాత చెప్పులేసుకుంది. "పద. మిల్లు షిఫ్టు మారే టైమయింది."

గేటు దగ్గర ఇద్దరూ నిలబడ్డారు. గీతలక్క ఉపన్యాసం ఇవ్వలేదు. తేదీ, పేజీ చెప్పి, ఆయన మాట చదివింది. "మా నియోజకవర్గంలో తాగునీటికి కొరత లేదు అధ్యక్షా."

"అందుకేనా మా బిందెలు తుప్పు పట్టాయి!" అంది వెనకనుంచి ఒక వదిన.

"అక్కా, వాడు మాటమాటకీ దగ్గుతాడు, ఆ దగ్గు కూడా పెట్టు, అప్పుడే నమ్ముతాం" అన్నాడు టీకొట్టు బాబాయి. ఆమె దగ్గి మరీ చదివింది. ఆఖర్న నాలుగువందల పన్నెండో పేజీ, బ్రాకెట్లతో సహా. ఆ తర్వాత ఎవరూ జోకులెయ్యలేదు.

ఆమెది న్యాయపోరాటమని కొందరు పొగిడారు. "కక్ష బాబూ, ఉట్టి కక్ష" అనేసిందామె. రోజుకి మూడు వీధులు తిరిగింది. కాళ్లు వాచాయి. గొంతు బొంగురుపోతే చెల్లెలు చదివింది.

ప్రచారానికి ఐదేళ్ల అల్లుడు మిల్లు వీధికి రానే వచ్చాడు. చెల్లెలు ఎదురెళ్లి రెండు చేతులూ ఆయన ముఖం ముందు పెట్టింది.

"చెల్లెమ్మా, మీ కష్టం నాకు..."

"కష్టం సంగతి తర్వాత. విచారణ జరగాలన్నారట. నవ్వారట. ఎందుకు నవ్వారు సార్?"

"అది... అచ్చుతప్పమ్మా."

"అదీ మా అక్క పొరపాటేనా?"

జనం కదల్లేదు, దారివ్వలేదు. ఆయన వచ్చిన దారినే వెనక్కి నడిచి వెళ్లాల్సి వచ్చింది.

లెక్కింపు రోజున పది రౌండ్ల దాకా ఆయనదే ఆధిక్యం. పదకొండో రౌండులో మిల్లు వీధుల ఐదు పోలింగ్ కేంద్రాల ఓట్లు బయటపడ్డాయి. ఆరువందల పదమూడు ఓట్లతో ఓడిపోయాడు. పొద్దున్నించీ కంచె పట్టుకుని నిలబడ్డ గీతలక్క, ఆయన కారు దగ్గరికి వస్తుంటే అడ్డంగా వెళ్లింది.

"నమస్కారం సార్. పొరపాటు చేసిన రిపోర్టరుని. ఇవాళ్టి అంకెలు నేను రాయలేదు. తప్పేమైనా ఉంటే సంతకానికి ఇంకెవరినైనా చూసుకోండి."

ఆయన ముఖం చిట్లించుకుని కారెక్కాడు. "ఇంకా గట్టిగా అనాల్సిందక్కా, డ్రైవరుకి వినిపించలేదు" అంది చెల్లెలు.

కానీ ఆ పేజీ ఇంకా అలాగే ఉంది. కొత్త సభ్యుడి దగ్గరికి ఆమె మూడుసార్లు వెళ్లింది. నాలుగువందల పన్నెండో పేజీ సరిచెయ్యమని సభలో అడగండి, అంతకన్నా ఏమీ వద్దు అంది. ఆమె చదివిన మాటలతోనే గెలిచిన మనిషి, "ఆయన ఓడిపోయాడు కదమ్మా, ఇంకెందుకు తవ్వడం? చూద్దాంలే" అన్నాడు.

"ఆయన ఓడిపోయాడు. నా అబద్ధపు సంతకం ఓడిపోలేదు" అని చెప్పి వచ్చేసింది. ఆ "చూద్దాంలే"ని తేదీతో సహా రాసి పెట్టుకుంది.

ఇది చదివినవాళ్లలో ఆ నియోజకవర్గంలో ఓటున్నవాళ్లు ఆ సభ్యుడికి తలా ఒక ఉత్తరం రాయండి. ఆ క్షమాపణ కొట్టేసి, అసలు మాట అచ్చు వెయ్యమని అడగండి. జవాబు రాకపోతే మళ్లీ రాయండి. మిగతావాళ్లు మీ దగ్గర్లోని గ్రంథాలయానికెళ్లి, మీ సభ్యుడు మీ పేరు మీద సభలో ఏం మాట్లాడాడో ఆ సంపుటాలు తీయించి చూడండి. దుమ్ము దులపడానికి బద్ధకించకండి. చదివింది నలుగురూ నిలబడే చోట, బ్రాకెట్లతో సహా, గట్టిగా చదివి వినిపించండి.