కామెర్లు కాదు

మా జువాలజీ మేడమ్ పోయారు. పోయిన మంగళవారం పొద్దున్నే ఒంగోలు నుంచి ఫోన్. "సార్, మేడమ్ గారు నిద్రలోనే వెళ్ళిపోయారు" అంది ఒకప్పటి మా విద్యార్థిని. ఆ అమ్మాయి ఈరోజు బతికుండి నాకు ఫోన్ చేయగలిగిందంటే అది మేడమ్ వల్లే. నేను రాయబోయేది అదే. మిగతాదంతా నా కోపం.

తొంభైల చివర్లో గుంటూరు శివార్లలోని ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఆమె జువాలజీ, నేను తెలుగు చెప్పేవాళ్ళం. కాలేజీ అని అలవాటు కొద్దీ అంటున్నాను. వారం వారం ర్యాంకులు గోడకంటించి, ఆ ర్యాంకుని బట్టి సెక్షన్లు మార్చేవారు. నిన్న పక్కన కూర్చున్న స్నేహితుడు ఇవాళ వేరే గదిలో ఉండేవాడు. పదహారేళ్ళ పిల్లలకి స్నేహం కూడా మార్కులిస్తేనే దొరికే చోటుని ఏమనాలి?

మిర్చి సీజన్లో మార్కెట్ యార్డు వైపు నుంచి గాలి తిరిగితే తరగతంతా దగ్గేది. ఏడ్చే పిల్లలకి అదొక సాకు. కళ్ళెందుకు ఎర్రబడ్డాయంటే "ఘాటు సార్" అనేవాళ్ళు. మేడమ్ దగ్గర మాత్రం ఆ పప్పులుడికేవి కావు. వానాకాలంలో ఎవడైనా అదే మాట అంటే, "ఒరేయ్, యార్డులో కాయ అయిపోయి ఎన్నాళ్ళైందిరా? ఇంకా ఏం ఘాటు?" అని భుజమ్మీద చెయ్యేసి వరండాలోకి తీసుకెళ్ళేవారు. ఆమె పాఠం ఎప్పుడూ ఒకే ప్రశ్నతో మొదలయ్యేది: "రాత్రి ఎవరికి నిద్ర పట్టలేదు?"

ఆ ప్రశ్న వెనక ఒక పిల్లాడున్నాడు. ఉలుకూ పలుకూ లేకుండా అయిపోతే, పచ్చకామెర్లని చెప్పి ఇంటికి పంపేశారు. మా వైపు అదో మర్యాద. మనసుకి జబ్బు చేస్తే కామెర్లనేవాళ్ళు. కామెర్లకి నెలలకొద్దీ విశ్రాంతి కావాలి, ఎవరూ ఆరా తీయరు, రేపు సంబంధాలకీ అడ్డు రాదు. ఆ పిల్లాడు తిరిగి రాలేదు. తన ప్రాణం తానే తీసుకున్నాడని స్టాఫ్‌రూమ్‌లో అందరికీ తెలుసు. కాలేజీ మైదానంలో పెట్టిన సంతాప సభలో ప్రిన్సిపాల్ మాత్రం "కామెర్లు ముదిరి..." అని మొదలుపెట్టాడు.

"కామెర్లు కాదు సార్" అన్నారు మేడమ్, పిల్లలందరి ముందు.

సభ అక్కడితో ఆగిపోయింది. ఆ మాట ఇంకా ఆ మైదానంలోనే నిలబడి ఉన్నట్టుంటుంది నాకు.

తర్వాత కొన్నాళ్ళకి, నాకు ఫోన్ చేసిన ఈ అమ్మాయి. దాచేపల్లి అవతల మిర్చీ పత్తీ వేసే రైతు కూతురు. ఒకరోజు మేడమ్ ప్రశ్నకి లేచి నిలబడి, "నాకు పట్టలేదు మేడమ్. వరండాలో ఎవరో నా మార్కులు చదువుతూనే ఉన్నారు" అంది. వరండాలో ఎవరూ లేరు. క్లాసు గొల్లున నవ్వింది. మేడమ్ నవ్వలేదు.

కబురందుకుని వచ్చిన తండ్రితో ప్రిన్సిపాల్ షరా మామూలుగా కామెర్ల మాటే చెప్పాడు. తండ్రికీ అదే నయమనిపించింది.

"పిచ్చి అంటే మా ఊళ్ళో తలెత్తుకోలేం మేడమ్ గారూ."

"పిచ్చి అని ఎవరన్నారు అన్నయ్యా? పరీక్ష ముందు గుండె దడదడలాడితే అది ఒత్తిడి, అందరికీ ఉంటుంది. వారాల తరబడి నిద్రా తిండీ పోయి, లేని గొంతులు వినబడుతుంటే అది జబ్బు. జబ్బుకి డాక్టరున్నాడు. పదండి, నేనూ వస్తాను."

మానసిక వైద్యుడు మందులు రాసి, తాను చెప్పేదాకా ఆపొద్దన్నాడు. అమ్మాయి ఊరెళ్ళింది. కొన్ని వారాలకి తండ్రి ఫోన్ చేశాడు: తిండి మానేసింది, గోడ వైపు తిరిగి పడుకుంటోంది, చచ్చిపోతానంటోంది. మేడమ్ నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కారు.

ఆ ఇంట్లో చూసింది నేనెప్పటికీ మర్చిపోను. ఊరికి కామెర్లని చెప్పారు కదా, ఆ మాట నిలబెట్టుకోవడానికి నిజంగానే కామెర్ల వైద్యం చేస్తున్నారు! చప్పిడి కూడు, పొద్దున్నే నేల ఉసిరి పసరు. పసరు తాగేటప్పుడు ఇంగ్లీషు మందులు పడవని మాత్రలు ఆపేశారు. పరామర్శకొచ్చిన ఇరుగుపొరుగమ్మలు మంచం చుట్టూ కూర్చుని పిల్ల కళ్ళలో పసుపు వెతుకుతున్నారు. పరువు కోసం ఆడిన అబద్ధం పిల్ల మందుని మింగేసింది. ఇది చదువు లేకపోవడమా? కాదు. చదువుకున్న ప్రిన్సిపాల్ నేర్పిన అబద్ధమే అది!

మేడమ్ చెయ్యి కడుక్కుని కంచం అడిగారు. వేడన్నంలో పండుమిర్చి కొరివికారం, నెయ్యి వేసి ఎర్రగా కలిపారు.

"అయ్యో! కామెర్ల పిల్లకి కారమా? చంపుతావా ఏంటమ్మా?" అని అరిచింది పక్కింటావిడ.

"కామెర్లు కాదండీ. మనసుకి జబ్బు చేసింది. మాత్రలు వేసుకుంటే తగ్గుతుంది. ఏం, మీ ఇంట్లో ఎవరికీ బీపీ లేదా?"

తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. మేడమ్ ముద్ద చేసి అమ్మాయి నోటి దగ్గర పెట్టారు. చాలాసేపు ఆ చెయ్యి అలాగే ఉంది. చివరికి ఆ పిల్ల నోరు తెరిచింది. కారానికి కళ్ళ నీళ్ళొచ్చాయి. అన్నాళ్ళలో మొదటిసారి ఏడిచిందట.

ఆ మధ్యాహ్నమే మేడమ్ దగ్గరుండి చావిట్లోని పురుగుమందు డబ్బాలన్నీ ఇంట్లోంచి తీయించేశారు. సాయంత్రం డాక్టరు దగ్గరికి అందరం కలిసే వెళ్ళాం. అమ్మాయి ఒక్కసారిగా బాగుపడలేదు. రెండుసార్లు మళ్ళీ జారింది, మళ్ళీ లేచింది. ఇప్పుడు ఒంగోల్లో ల్యాబ్ టెక్నీషియన్. మాత్రలు వేసుకుంటూనే ఉంది, ఎవరడిగినా దాచదు.

"ముందు నిద్ర గురించి అడగండి మాస్టారూ, మార్కులు ఎక్కడికీ పోవు" అనేవారు మేడమ్. మొదటి పిల్లాడి ఊసెత్తితే మాత్రం కిటికీ వైపు చూసేవారు.

ఒంగోల్లో అంత్యక్రియలయ్యాక గుంటూరు తిరిగొస్తూ పాత కాలేజీ మీదుగా వచ్చాను. ఇంకో రెండంతస్తులు లేచాయి. రోడ్డంతా వానకి తడిసి ఉంది, గాల్లో మట్టి వాసన తప్ప ఏ ఘాటూ లేదు. పై అంతస్తు కిటికీలో ఒక అమ్మాయి చున్నీ అంచుతో కళ్ళు తుడుచుకుంటోంది. వెనక నుంచి ఎవరో ఏదో అడిగినట్టున్నారు. బయటి గాలి వైపు వేలు చూపించింది.