పరదాల బండి, ఇంగ్లీషు ఇలాకా బడి

నా చిన్నప్పుడు మాకు చదువంటే ఉర్దూ. ఇంట్లో తెలుగు, బర్రెలతో తెలుగు. బడిలో మాత్రం లెక్కలు, భూగోళం, చరిత్ర అన్నీ ఉర్దూలోనే. తెలుగుకు రోజుకొక గంట ఇచ్చేవారు, అదీ పంతులమ్మ వస్తే. మాది పురానాపూల్ దగ్గర పాలవాళ్ళ ఇల్లు. మా బాపు హుస్సేనీ ఆలం ఇళ్ళలో పాలు పోసేవాడు. ఆ ఇళ్ళ పిల్లలు వెళ్ళే ఆడపిల్లల బడికే నన్నూ పంపాడు.

ఆ బడికి నడిచి వెళ్ళడమన్నది లేదు. పొద్దున్నే చుట్టూ పరదాలు కట్టిన ఎద్దుల బండి గల్లీ మొదట్లో ఆగేది. బడి ఆయా, ఒక ముసలామె, గుమ్మం దాకా వచ్చి "గాడీ ఆగయీ, బీబీ" అని కేకేసేది. ఆమె దుప్పటి అడ్డం పట్టుకుంటే మేము ఎక్కేవాళ్ళం. మా ఇంట్లో ఘోషా లేదు. అయినా బండి నియమం అందరికీ ఒకటే. లోపల ఉడికిపోయేవాళ్ళం. నాకు ఆ బండి అంటే ఒళ్ళు మంట.

మా చిన్నమ్మను ఇంగ్లీషు ఇలాకాలో, అంటే తెల్లదొరల ఏలుబడిలో ఉన్న వైపు ఇచ్చారు. చిన్నాయనకు బెజవాడ దగ్గర ఒక చిన్న ఊళ్ళో రైల్వే నౌకరీ. ఎండాకాలం సెలవుల్లో చిన్నమ్మ కూతుర్ని తీసుకొని వచ్చేది. సరిహద్దులో కరోడ్‌గిరి వాళ్ళు పెట్టెలు తెరిపించి, పన్ను కట్టాల్సిన సరుకుందేమోనని వెతికేవాళ్ళు. అందుకని మా లెక్కలో అది వేరే దేశమే.

ఆ పిల్ల నాకంటే కొంచెం చిన్నది. ఇద్దరం కూర్చుంటే పోటీయే. వాళ్ళకు ఆదివారం సెలవు, మాకు శుక్రవారం. వాళ్ళ నెలలు జనవరి, ఫిబ్రవరి. మావి ఆజూరు, దై, బహ్మన్. వాళ్ళు లండను రాజులను వల్లించేవాళ్ళు, మేము బహమనీ సుల్తానులను. తను రాగం తీసి తెలుగు పద్యం చదివితే నేను నోరు తెరుచుకొని వినేదాన్ని. నాకు ఒక్క పద్యమూ రాదు. కుళ్ళుకున్నాను, దాచడమెందుకు.

"మా వైపు ఆడపిల్లలు మగపిల్లలతో పాటు నడిచి వెళ్ళి, ఒకే గదిలో కూర్చుని చదువుకుంటారు. మీ బండేమిటే, కోళ్ళ గంపలాగా!" అంది చిన్నమ్మ ఒకరోజు, ఇల్లంతా వినేలా. పుట్టింది ధూల్‌పేట్‌లోనే అయినా బెజవాడ వైపు మాట బాగా పట్టేసింది.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. నాకు నోరూరింది. మా నాయనమ్మ చెవిలో మాత్రం "మగపిల్లలతో" అన్న మాటొక్కటే పడింది. లోకంలోని బడులన్నీ అంతేనని తీర్మానించుకుంది.

"ఇగ చదివింది చాలు. పోరి ఇంట్ల ఉండి పెండ ఎత్తుతది" అంది. బాపు ఎంత చెప్పినా వినలేదు.

సెలవులయ్యాక ఆయా వచ్చి కేకేసింది. నాయనమ్మ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

"నిజం చెప్పు బూబమ్మా, ఆడ మొగపోరగాళ్ళు ఉంటరా?"

"మొగోని నీడ గూడ పడదమ్మా. బండి తోలెటోన్ని గూడ గేటు బయటనే ఆపుతం. ఫికర్ చెయ్యకు."

నాయనమ్మ నా వైపు తిరిగి, "ఏంది గట్ల నిలబడ్డవ్? పో, ఎక్కు" అంది. అలా నేను తిట్టుకున్న ఆ పరదాలే నా చదువును కాపాడాయి.

మరుసటి ఎండాకాలం చిన్నమ్మ దగ్గర గొప్పలు లేవు. కూతురు పెద్దమనిషయింది. వాళ్ళ ఊళ్ళో ఉన్నది ఒక్కటే హైస్కూలు, నిండా మగపిల్లలు. ఆడపిల్లలు రావద్దని సర్కారు అనలేదు. చిన్నమ్మ అత్తగారు అంది. ఫస్టు ఫారం, అంటే మా ఆరో జమాత్, సగంలో మాన్పించారు. ఈసారి పద్యం చదవమంటే ఆ పిల్ల చదవలేదు. నాకు చాలా కష్టంగా అనిపించింది.

మా బడి తెరిచే ముందు తనే బాపు దగ్గరికి వెళ్ళి, "పెదనాన్నా, మీ బడిలో నన్ను చేర్చుకుంటారా?" అని అడిగింది.

"అడిగి చూద్దాం బిడ్డా. మా ఇంట్లనే ఉందువు" అన్నాడు బాపు. చిన్నమ్మా కాదనలేదు. పరదా ఉన్న బడి అంటే అత్తగారు నోరెత్తదని ఆమె ధైర్యం.

బాపు చిన్నమ్మనూ మా ఇద్దరినీ తీసుకెళ్ళి, తను గేటు దగ్గరే ఆగిపోయాడు. లోపల పెద్ద ఉస్తానీ, మా హెడ్‌మిస్ట్రెస్, పిల్లను దగ్గరకు పిలిచి ఏమేమి వచ్చని అడిగింది. ఆమెకు తెలుగు రాదు, వీళ్ళకు ఉర్దూ రాదు. చిన్నమ్మ చిన్నప్పుడు నేర్చుకున్న నాలుగు ముక్కలూ మరిచిపోయింది. మధ్యలో నేను చెప్పాను. లెక్కలు వచ్చు, ఇంగ్లీషు వచ్చు, పద్యాలు వచ్చు. ఉర్దూ అక్షరం ఒక్కటీ రాదు.

"చేర్చుకుంటాను. కానీ మొదటి జమాత్‌లో చిన్నపిల్లలతో కూర్చోవాలి" అంది ఉస్తానీ.

నేను ఆ మాట తెలుగులో చెప్పగానే చిన్నమ్మ ముఖం ఎర్రబడింది. "ఫస్టు ఫారం పిల్ల పాలపళ్ళ వాళ్ళ మధ్య కూర్చుంటుందా? పదవే, పోదాం" అని కూతురి చెయ్యి పట్టుకుంది.

పిల్ల కదల్లేదు. "ఇప్పుడు నేను ఫస్టు ఫారం కాదమ్మా. ఏ తరగతీ కాను" అంది.

ఏమన్నదని ఉస్తానీ నన్ను అడిగింది. ఉర్దూలో చెప్పాను. ఆమె లేచి, అల్మారీలోంచి మొదటి జమాత్ పలక ఒకటి తీసి మా చెల్లె చేతికిచ్చింది.